ఆర్‌ఎక్స్ 100: కిట్టు మార్చినా పెట్రోల్ ఓవర్‌ఫ్లో ఆగట్లేదు

కొర్లగుంట_ఆర్‌ఎక్స్:
అందరికీ నమస్తే. బండి 1995 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100. కార్బరేటర్ మికుని వీఎం 20, బండితో వచ్చిందే. ఎండాకాలమంతా షెడ్డులో నిలబడి ఉన్నింది. బయటికి తీసి ట్యాప్ తిప్పగానే ఓవర్‌ఫ్లో పైపు నుంచి ధారగా కారింది. స్క్రూడ్రైవర్ పిడితో బౌల్ (కార్బరేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె) మీద మెల్లగా తడితే ఆగేది, కొంచెం దూరం పోగానే మళ్లీ మొదలయ్యేది. కార్బరేటర్ విప్పి కడిగి కొత్త కిట్టు, అంటే నీడిల్ (పెట్రోల్ దారిని మూసే మొన), అది కూర్చునే సీటు, బౌల్ ప్యాకింగ్ వేయించినాను. ఇప్పుడు ధార లేదు గానీ చుక్కలు చుక్కలుగా కారతానే ఉండాది. తట్టినా ఆగదు. ట్యాప్ కట్టేస్తే ఇంకొంచెంసేపు కారి ఆగిపోతుంది. బౌల్ అంచు దగ్గర తడి లేదు, పైపు కొనలోంచే వస్తాంది. ప్లగ్గు తడవట్లేదు, పికప్ బాగానే ఉంది. ఫ్లోట్ (బౌల్‌లో తేలుతూ నీడిల్‌ను పైకి నొక్కేది) నాలుక కొంచెం వంచితే సరిపోతుందని షాపులో చెప్తున్నారు. వంచమంటారా?

రేణిగుంట_స్పానర్:
వంచొద్దు తమ్ముడూ. నువ్వు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. అప్పుడు తట్టితే ఆగేది, ఇప్పుడు తట్టినా ఆగట్లేదు. రెండూ ఒకే జబ్బు కాదు. తట్టితే ఆగిందంటే నీడిల్‌కీ సీటుకీ మధ్య చెత్త ఇరుక్కునింది, లేదా ఫ్లోట్ ఇరుసు మీద పట్టేసింది. అది కిట్టుతో, కడగడంతో పోయింది. ఇప్పుడున్నది వేరే దారి. పెట్రోల్ ఏ దారిన బయటికి వస్తాందో తేలకుండా నాలుక వంచితే, లెవెల్ తగ్గి కారడం ఆగినట్టు కనిపిస్తుంది. ఆనక ఫుల్ త్రాటిల్‌లో బౌల్ ఖాళీ అయి ఇంజిన్ లీన్‌గా, అంటే పెట్రోల్ తక్కువ గాలి ఎక్కువై తిరుగుతుంది. టూ స్ట్రోక్‌లో లీన్ అంటే పిస్టన్ పట్టేయడమే.

ముందు ఈ పని చెయ్. బౌల్ విప్పి చేతిలోకి తీసుకో. లోపల నిలువుగా సన్నటి ఇత్తడి గొట్టం ఉంటుంది, అదే ఓవర్‌ఫ్లో గొట్టం. డ్రెయిన్ స్క్రూ గట్టిగా బిగించి, గొట్టం పైకొనకు 5 మి.మీ. కిందిదాకా బౌల్‌లో పెట్రోల్ పోసి, ఆరిన కాగితం మీద నిలబెట్టు. పది నిమిషాలు ఆగి చూడు. గొట్టం కొన మునగనే లేదు కాబట్టి ఒక్క చుక్క కూడా కింద పడకూడదు. పడితే గొట్టం మొదట్లో చీలింది, లేదా డ్రెయిన్ స్క్రూ సీటు పట్టట్లేదు. ఏది అనేది స్క్రూను తీసి చూస్తే తెలుస్తుంది. దాని మొన మీద గుండ్రంగా గీత పడి ఉంటే దాని పనే.

ట్యాప్ కట్టాక కూడా కొంచెంసేపు కారి ఆగుతుందన్నావు చూడు, అందుకే నాకు గొట్టం మీద అనుమానం. లెవెల్ చీలిక దాకా దిగేదాకా కారి, దాని కిందికి పోగానే ఆగిపోతుంది. నీడిల్ లీకయితే ట్యాప్ కట్టిన వెంటనే ఆగిపోవాల. ప్లగ్గు తడవకపోవడం కూడా దీనికే సరిపోతుంది, లెవెల్ ఎక్కువైతే ముందు ప్లగ్గే చెప్తుంది.

పుత్తూరు_జెట్టు:
స్పానర్ అన్న చెప్పింది సరే. దాంతోపాటు లెవెల్ కూడా చూసుకోండి, కిట్టు మారింది కదా. డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే పెట్రోల్ ఆ ఓవర్‌ఫ్లో పైపులోంచే బయటికి వచ్చే రకం అయితే పని తేలిక. కంటికి కనిపించే తెల్ల ప్లాస్టిక్ ట్యూబు ఒక అడుగు తీసుకుని ఆ పైపుకు తొడిగి, బౌల్ పక్కనే నిలువుగా పైకి పట్టుకోండి. ట్యాప్ తిప్పి, డ్రెయిన్ స్క్రూ ఒకటిన్నర చుట్టు వదులు చేయండి. ట్యూబులో పెట్రోల్ ఎక్కడ నిలబడితే బౌల్‌లో లెవెల్ కచ్చితంగా అక్కడే. బండి సెంటర్ స్టాండ్ మీద తిన్నగా ఉండాలి. సైడ్ స్టాండ్ మీద చూస్తే తప్పు కొలత వస్తుంది. మామూలుగా బౌల్ అతుకు గీతకు కొన్ని మిల్లీమీటర్ల కింద నిలబడాలి. అతుకు గీత దాటి పైకి ఎక్కుతూనే ఉంటే నీడిల్ మూయట్లేదు. ఎక్కి ఒకచోట ఆగింది కానీ ఎక్కువ ఎత్తులో ఆగింది అంటే ఫ్లోట్ ఎత్తు తేడా. ఈ రెంటికీ మందు వేరు.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఓవర్‌ఫ్లో గొట్టం చీలినా ఈ పరీక్షలో లెవెల్ సరిగ్గానే చూపిస్తుంది. లెవెల్ బాగుండి కూడా కారుతుంటే ఇంక గొట్టమే.

పలమనేరు_2స్ట్రోక్:
కిట్టు మాట వచ్చింది కాబట్టి. ఇప్పుడు దొరికే కిట్లలో సగం పేరుకే కిట్లు. బిగించే ముందు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి మూడు చూడండి.

మొదటిది, సీటు మీద కొట్టిన నంబరు. 1.5, 2.0 అట్లా ఉంటుంది, అది రంధ్రం సైజు. పాతదాని కంటే పెద్దది వేస్తే లోపలికొచ్చే పెట్రోల్ తోపు పెరుగుతుంది, అంతే ఫ్లోట్ దాన్ని నొక్కి మూయలేదు. రెండోది, నీడిల్ తోకలో ఉండే స్ప్రింగ్ పిన్ను. గోరుతో నొక్కితే మెత్తగా లోపలికి పోయి, వదలగానే పూర్తిగా బయటికి రావాలి. బండి అదురుకు నీడిల్ ఎగరకుండా కాపాడేది ఆ స్ప్రింగే. గట్టిగా ఉన్నా పట్టేసినా సైలెంట్‌గా నిలబడినప్పుడు కారదు, రోడ్డు మీద కారుతుంది. మూడోది, మొన. నల్ల రబ్బరు మొనను గోటితో గీరి చూడండి, చుట్టూ గాడి తగిలితే అది అయిపోయింది. చాలామంది గుడ్డతో తుడిచి మళ్లీ అదే వేస్తారు.

వీఎం కార్బరేటర్‌లో సీటుకే మర ఉంటుంది, తిప్పి బిగిస్తారు, కింద సన్నటి వాషర్ ఉంటుంది. దాన్ని మర్చిపోతే మర లోంచే పెట్రోల్ దిగుతుంది, నీడిల్ ఎంత బాగా మూసినా లాభం లేదు. వాషర్ మందం మారితే ఫ్లోట్ లెవెల్ కూడా మారుతుంది.

చిత్తూరు_బుల్లెట్:
పాత సీటు మళ్లీ వాడాల్సి వస్తే దాన్ని ఏం చేయాలి? ఎమ్రీ కాగితంతో రుద్దొచ్చా?

పలమనేరు_2స్ట్రోక్:
రుద్దొద్దు అన్నా. వాల్వ్ గ్రైండింగ్ పేస్టు అసలొద్దు. చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లకు ఇత్తడి పాలిష్ రాసి, సీటు లోపల వేళ్లతో ఒక నిమిషం తిప్పాల. డ్రిల్లుకు తగిలించి తిప్పకూడదు. తర్వాత పెట్రోల్‌తో కడిగి గాలి కొట్టాల. టార్చి వేసి చూస్తే లోపలి అంచు తెగని ఉంగరంలా మెరవాల. ఎక్కడైనా ఆ మెరుపు తెగితే అక్కడ గుంట పడినట్టే, అప్పుడు సీటు మార్చాల్సిందే. సీటు బాడీలోనే బిగించేసి ఉండే కార్బరేటర్లు కూడా ఉన్నాయి, వాటికి ఈ పాలిష్ తప్ప వేరే దారి లేదు.

గాలి కొట్టేటప్పుడు ఒక జాగ్రత్త. బౌల్ బిగించి ఉన్నప్పుడు కంప్రెసర్ గన్ పెట్టొద్దు. ఫ్లోట్ నొక్కుకుపోతుంది. అన్నీ విప్పాకే గాలి. కార్బరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టే ముందు ఓరింగులు, రబ్బరు మొనలు, ఉంటే డయాఫ్రమ్ అన్నీ బయటికి తీసి పెట్టుకో. తగిలితే ఉబ్బిపోతాయి.

రేణిగుంట_స్పానర్:
ఫ్లోట్ సంగతి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల పెట్రోల్ చప్పుడు వినిపిస్తే చిల్లి పడినట్టే. సన్న చిల్లి చప్పుడుకు దొరకదు. ఇత్తడి ఫ్లోట్ అయితే వేడి నీళ్లలో, చేయి పెడితే ఓర్చుకోలేనంత వేడి చాలు, పూర్తిగా ముంచి పట్టుకో. లోపలి గాలి వ్యాకోచించి చిల్లిలోంచి బుడగల వరుస వస్తుంది. ఆ చోట పెన్నుతో గుర్తు పెట్టుకో. అతుకు పెట్టేముందు లోపలి పెట్రోల్ మొత్తం పోవాల. వేడి నీళ్లలోనే ముంచి తీస్తుంటే ఆవిరై పోతుంది. కొంచెం మిగిలినా సోల్డరింగ్ చేసేటప్పుడు పేలుతుంది. గ్యాస్ టార్చి దగ్గరికి తేవద్దు, సోల్డరింగ్ ఐరన్‌తోనే. సీసం ఆవగింజంత చాలు. బరువెక్కిన ఫ్లోట్ మునిగి తేలుతుంది, లెవెల్ పైకి పోతుంది.

ప్లాస్టిక్ ఫ్లోట్‌కు అతుకులు వద్దు, మార్చేయాలి. ఏళ్ల తరబడి పెట్రోల్ పీల్చి చిల్లి లేకపోయినా బరువెక్కేవి ఉంటాయి. కొత్త ఫ్లోట్ దొరికితే రెంటినీ వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి చూడు. తేడా కనపడితే పాతది పారేయ్.

నాలుక మాట: వంచాల్సి వస్తే కార్బరేటర్‌ను పక్కకు ఒరిగించి, నాలుక నీడిల్‌కు ఆని ఆననట్టు ఉన్నప్పుడు కొలవాల. తలకిందులుగా పెడితే ఫ్లోట్ బరువుకు స్ప్రింగ్ పిన్ను నొక్కుకుపోయి కొలత తప్పుతుంది. ప్యాకింగ్ తీసేసి బాడీ అంచు నుంచి ఫ్లోట్ వీపు దాకా వెర్నియర్‌తో కొలత. ఎన్ని మిల్లీమీటర్లు అనేది కార్బరేటర్‌కు కార్బరేటర్‌కు వేరు, ఆ మోడల్ సర్వీసు పుస్తకం చూసే పెట్టాల. ఇంకో బండి కొలత తెచ్చి దీనికి పెట్టొద్దు. వంచేటప్పుడు నాలుక నీడిల్ మీద ఒత్తిడి పడకుండా పట్టుకుని వంచు. నీడిల్‌కు ఆనించి నొక్కి వంచితే రబ్బరు మొన మీద గుంట పడుతుంది. నాలుక ప్లాస్టిక్‌దైతే వంచడం కుదరదు.

కొర్లగుంట_ఆర్‌ఎక్స్:
స్పానర్ అన్నా, బౌల్ పరీక్ష చేసినా. కాగితం తడిసింది, పైపు కొన నుంచే. డ్రెయిన్ స్క్రూ మొన మీద గీత లేదు, శుభ్రంగా ఉంది. లెన్సు పెట్టి చూస్తే గొట్టం బౌల్‌లోకి దిగే చోట, అడుగు నుంచి సుమారు 3 మి.మీ. ఎత్తులో వెంట్రుకంత గీత నిలువుగా కనిపిస్తాంది. పుత్తూరు జెట్టు గారు చెప్పినట్టు ట్యూబు పెట్టి చూస్తే లెవెల్ అతుకు గీత కిందే నిలబడింది, కదల్లేదు. సీటు నంబరు పాతదానిదే. ఇప్పుడు గొట్టాన్ని ఏం చేయాల? కొత్త బౌల్ ఇక్కడ దొరకట్లేదు.

రేణిగుంట_స్పానర్:
అదే. కొత్త బౌల్ దొరికితే మంచిది. దొరక్కపోతే గొట్టానికి అతుకు పెట్టొచ్చు, వేడి విషయంలో జాగ్రత్తగా ఉండాల. బౌల్ జింకు మిశ్రమ లోహం, 380 డిగ్రీల చుట్టుపక్కలే కరిగిపోతుంది. టార్చి మంట ఆ వేడిని ఎప్పుడో దాటేస్తుంది, చూస్తుండగానే అంచు వంగిపోతుంది. ఎలక్ట్రానిక్స్‌కు వాడే తగరం సీసం తీగ 183 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే సోల్డరింగ్ ఐరనే సరైనది.

బౌల్‌ను కడిగి ఒక రోజు ఆరనివ్వు. గీత చుట్టూ ఇత్తడి పచ్చగా మెరిసేదాకా సన్నటి ఎమ్రీతో మెల్లగా గీరు, గొట్టాన్ని కదిలించొద్దు. ఫ్లక్సు రాసి, ఐరన్‌ను ఇత్తడికే ఆనించి, గొట్టం వేడెక్కాక తీగ తాకించు. గీతలోకి అదే పీల్చుకుంటుంది. ఐరన్ మీద కరిగించి పైన పూయడం వల్ల పట్టు ఉండదు. తర్వాత వేడి నీళ్లు, బ్రష్షుతో ఫ్లక్సు పూర్తిగా కడగాల, అది మిగిలితే జింకును తినేస్తుంది. మళ్లీ అదే కాగితం పరీక్ష, ఈసారి రాత్రంతా.

ఎపాక్సీ జిగురు వేసేవాళ్లున్నారు. పెట్రోల్‌కు, ఇథనాల్‌కు తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్నదైతేనే, 24 గంటలు ఆరనిచ్చాకే. ఐదు నిమిషాల్లో గట్టిపడే సాదా రకం ఇప్పటి పెట్రోల్‌లో మెత్తబడి, తునకలుగా ఊడి జెట్టులో (పెట్రోల్ ఇంజిన్‌కు పోయే సన్న రంధ్రంలో) పడుతుంది.

గొట్టం పైకొనను మూసేస్తే సరిపోతుంది కదా అని మాత్రం ఎవరూ చేయొద్దు. రేపు నీడిల్ లీకయితే ఆ పెట్రోల్ రోడ్డు మీదికి కాకుండా నేరుగా ఇంజిన్లోకి పోతుంది.

పుత్తూరు_జెట్టు:
బౌల్ కోసం చెన్నైకి పోయేవాళ్లుంటే జీపీ రోడ్డులో కొత్తవి, పుదుపేటలో పాతవి వెతకమని చెప్పండి. పాత బౌల్ తెస్తే అక్కడే నీళ్లు పోసి చూసి తేవాలి. కార్బరేటర్ మీద ఉన్న నంబరు ఫొటో తీసి పంపండి. చూడ్డానికి ఒకేలా ఉండి అంచు మరలు కుదరని బౌల్‌లు చాలా ఉన్నాయి.

చిత్తూరు_బుల్లెట్:
నాదీ ఓవర్‌ఫ్లో సమస్యే గానీ బండి వేరు. పాత బుల్లెట్ 350, మిక్‌కార్బ్ కార్బరేటర్. ట్యాప్ రాత్రంతా తెరిచే ఉన్నింది. బయట ఒక్క చుక్క కూడా లేదు. పొద్దున కిక్కు కొడితే సగంలో రాయిలా ఆగింది. ఆయిల్‌లో పెట్రోల్ వాసన వస్తాంది.

పలమనేరు_2స్ట్రోక్:
అన్నా, ఆ కిక్కు మీద ఇంకోసారి కాలు వేయొద్దు. బయటికి రాని పెట్రోల్ ఇన్‌లెట్ దారిన సిలిండర్‌లో నిండింది. ద్రవాన్ని పిస్టన్ నొక్కలేదు. బలంగా కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ట్యాప్ కట్టు. ఇగ్నిషన్ కీ తీసెయ్. ప్లగ్గు విప్పు. ప్లగ్గు క్యాపును రంధ్రానికి దూరంగా, ఇంజిన్‌కు ఆనించి పెట్టు, ఎందుకంటే రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది, ఒక్క స్పార్క్ చాలు అంటుకోవడానికి. త్రాటిల్ పూర్తిగా తిప్పి పట్టుకుని, చేత్తో మెల్లగా కిక్కు దించు. చిమ్మడం ఆగాక కాలితో కొన్నిసార్లు. ఆయిల్ పూర్తిగా దించి కొత్తది పోయాల్సిందే, పెట్రోల్ కలిసిన ఆయిల్‌కు చిక్కదనం ఉండదు, బేరింగులు పోతాయి. ఆయిల్ ఫిల్టర్ కూడా. తర్వాతే కార్బరేటర్ విప్పు. ఓవర్‌ఫ్లో పైపు మూసుకుపోయి ఉంటుంది, సన్న రాగి తీగతో గుచ్చి చూడు.

ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్‌లో ఇదే జరిగితే పెట్రోల్ ఇంజిన్ అడుగున క్రాంక్ కేసులో చేరుతుంది. బేరింగుల మీద ఉన్న ఆయిల్ పొర మొత్తం కడుక్కుపోతుంది. ఖాళీ చేశాక ప్లగ్గు రంధ్రంలో ఒక టీ స్పూన్ 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) పోసి, కిక్కు తిప్పి, అప్పుడు స్టార్ట్ చేయాల.

చిత్తూరు_బుల్లెట్:
ఓవర్‌ఫ్లో పైపులో కందిరీగ మట్టి గూడు! తీగ పెడితే ఉండలుగా రాలింది. నీడిల్ మొన మీద గాడి కూడా ఉండాది. ఆయిల్ దించేసినా. చాలా థాంక్స్ అప్పా.

మదనపల్లె_టాప్‌గేర్:
భాకరాపేట ఘాటు ఎక్కి దిగాక బండి ఆపితే కారుతుంది, పొద్దున చల్లగా ఉన్నప్పుడు కారదు. దానికేం కారణం?

పుత్తూరు_జెట్టు:
రెండు ఉంటాయి. ఒకటి వేడి. ఘాటు ఎక్కిన ఇంజిన్ ఆపగానే గాలి ఆగిపోయి, సిలిండర్ వేడి కార్బరేటర్‌కు పాకుతుంది. బౌల్‌లో పెట్రోల్ ఉడికి పొంగుతుంది. పెట్రోల్‌లో తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే ఆవిరవుతాయి, ఇథనాల్ 78కి మరుగుతుంది. కార్బరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే నల్ల ఫైబర్ ప్యాకింగ్ ముక్క వేడిని ఆపేది. దాన్ని తీసేసి కాగితం ప్యాకింగ్ వేసిన బండ్లు చూస్తుంటాం. అది ఉందో లేదో చూడండి. ఆపడానికి అర కిలోమీటరు ముందే ట్యాప్ కట్టడం వల్ల బౌల్ సగం ఖాళీ అవుతుంది, పొంగడానికి ఏమీ మిగలదు.

రెండోది ట్యాంకు మూత. మూతలో గాలి రంధ్రం మూసుకుపోయి ఉంటే, మే నెల ఎండలో నిలబెట్టిన ట్యాంకులో ఆవిరి ఒత్తిడి పెరిగి నీడిల్‌ను తోసేస్తుంది. కారుతున్నప్పుడు మూత తెరవండి. ఉస్సుమని గాలి వచ్చి కారడం ఆగితే మూత శుభ్రం చేసుకుంటే చాలు, కార్బరేటర్ జోలికి పోనక్కర్లేదు.

పలమనేరు_2స్ట్రోక్:
కొర్లగుంట తమ్ముడికి ఒక మాట. మొదట ఇరుక్కున్న చెత్త ఎక్కడిది? ట్యాంకులోంచే కదా. ట్యాప్ విప్పి లోపలి జల్లెడ చూడు. ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు తుప్పు. లీటరు వేడి నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు లెక్కన ట్యాంకు నిండా పోసి రాత్రంతా ఉంచు, నట్లు బోల్టులు లోపల వేయొద్దు. పొద్దున వంచేసి, వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టు. గంట ఆలస్యమైనా మళ్లీ ఎర్ర పొర వస్తుంది. ఆరాక అర లీటరు పెట్రోల్‌లో 50 మి.లీ. 2టీ ఆయిల్ కలిపి నాలుగు పక్కలా తిప్పి తీసెయ్.

ఇథనాల్ 20 శాతం పెట్రోల్ 2023లో మొదలై ఇప్పుడు బంకులన్నిటా అదే. అది తేమను పీలుస్తుంది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుగుకు దిగుతాయి, బౌల్‌లో కనిపించే తెల్ల పిండి దాని వల్లే, జింకు తినుకుపోయి వచ్చేది. బండి నిలబెట్టేటప్పుడు ట్యాప్ కట్టి, ఇంజిన్ ఆగిపోయేదాకా తిప్పి బౌల్ ఖాళీ చేయాల.

రేణిగుంట_స్పానర్:
ఖాళీ చేసే విషయంలో నాది కొంచెం వేరే మాట. నెలల తరబడి పొడిగా ఉంటే బౌల్ ప్యాకింగ్, ఓరింగులు ముడుచుకుపోతాయి, మళ్లీ పెట్రోల్ వదిలిన రోజు అంచుల్లో కారుతుంది. రెండు వారాల లోపు అయితే బౌల్ అలాగే వదిలేయ్. నెల దాటితే ఖాళీ చెయ్. ఇంజిన్ ఆగాక కూడా అడుగున కొంచెం మిగులుతుంది, డ్రెయిన్ స్క్రూ తిప్పి అదీ దించు. ట్యాంకు మాత్రం నిండుగా పెట్టు, ఖాళీ ట్యాంకులోనే తుప్పు పడుతుంది.

పలమనేరు_2స్ట్రోక్:
విటాన్ (పెట్రోల్‌కు తట్టుకునే రబ్బరు) ఓరింగులు వేస్తే ఆ ముడుచుకునే బాధ చాలావరకు ఉండదు అన్నా. నల్ల మామూలు రబ్బరు వాటికైతే నువ్వు చెప్పింది ఒప్పుకుంటా.

కొర్లగుంట_ఆర్‌ఎక్స్:
గొట్టానికి అతుకు పెట్టించినా. రాత్రంతా కాగితం పొడిగానే ఉండాది. బిగించి, ట్యాంకుకు బదులు 100 మి.లీ. సీసా 30 సెం.మీ. ఎత్తులో వేలాడదీసి పావుగంట చూసినా, చుక్క లేదు. ట్యాప్ జల్లెడలో ఎర్ర పొడి నిజమే, నిమ్మ ఉప్పు తెచ్చినా. ట్యాంకుకూ కార్బరేటర్‌కూ మధ్య ఫిల్టర్ పెట్టొచ్చా?

పుత్తూరు_జెట్టు:
పెట్టండి, కానీ లోపల జాలీ ఉండే చిన్న ఫిల్టర్ తీసుకోండి. కాగితం మడతల రకం పంపు ఉన్న బండ్లకు. ఇక్కడ పెట్రోల్ తన బరువుతోనే దిగాలి, కాగితంలో గాలి బుడగ పట్టేసి ఫుల్ త్రాటిల్‌లో పెట్రోల్ అందదు. ట్యూబు ఎక్కడా పైకి వంపు తిరగకుండా, ట్యాప్ నుంచి కార్బరేటర్ దాకా కిందికే దిగేలా కత్తిరించుకోండి. బాణం గుర్తు కార్బరేటర్ వైపు.